శామీర్‌పేట సరంగు

నా జీవితంలో నామీద చేయి చేసుకున్నవాళ్లు ఇద్దరే. ఒకరు మా నాన్న. రెండో మనిషి పోయిన నెల శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారి దాటుతూ కంకర టిప్పర్ కింద పడి చనిపోయాడు.

కబురు ఆయన తమ్ముడు ఫోన్లో చెప్పాడు. నేను కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. అప్పుడు మొదటి పీరియడ్ నడుస్తోంది.

"సార్, మా అన్న పోయిండు. టిప్పర్ గుద్దింది. పోస్ట్‌మార్టం అయినంక పగటాళ్లకు ఇంటికి తెస్తరు. పాపకు గూడ చెప్పుండ్రి."

పాప అంటే మా అమ్మాయి సుధ. చెబుతానని ఫోన్ పెట్టేసి బోర్డు వైపు తిరిగాను. సగం గీసిన బొమ్మ ఉంది. దేని గురించి చెబుతున్నానో గుర్తు రాలేదు. పిల్లల్ని పంపించేసి సుధకు ఫోన్ చేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఓడ మీద అందరూ సరంగు అనేవారు, ఓడ నడిపే పెద్ద అని. నాకూ ఆయన సరంగే.

ఆరేళ్ల క్రితం దసరా సెలవుల్లో నేనూ, మా ఆవిడా, పదమూడేళ్ల సుధా తెరచాప ఓడలో అయిదు రోజుల విహారానికి వెళ్లాం. కళింగపట్నం దగ్గర ఎక్కి, తీరం పట్టుకుని కాకినాడ దాకా రావడం. పాతకాలపు సరుకు ఓడల పద్ధతిలో తాళ్ళరేవు వడ్రంగులు కట్టిన ఓడ. రెండు కొయ్యలు, వాటికి ఎర్రమట్టి రంగు తెరచాపలు. పగలంతా గాలి మీద పోవడం, సాయంత్రానికి ఏదో ఒక లైట్‌హౌస్ కనిపించే చోట లంగరు వేయడం. ప్రయాణికులం పదకొండు మందిమి, పనివాళ్లు నలుగురు. తాళ్లు లాగడంలో ప్రయాణికులు కూడా ఒక చెయ్యి వెయ్యాలి. అదే ఆ సెలవులో సరదా.

ఓడ ఎక్కిన అరగంటలో ఆయన మొదటి దెబ్బ చూశాను. వంటవాడు పళ్లెంలో ఉల్లిపాయలు పట్టుకుని పోతూ ఒక చోట ఆగాడు. సరంగు చుక్కాని చక్రం వదిలి వచ్చాడు. చేతి గడియారం విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వంటవాడి చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. ఉల్లిపాయలు ఓడంతా దొర్లాయి. మళ్లీ గడియారం పెట్టుకుని, ఏమీ జరగనట్టు నెమ్మదిగా చెప్పాడు.

"తాడు సుట్టల కాలు వెట్టినవ్ బిడ్డా. గది గుంజిందంటే కాలు ఉండది."

వంటవాడు చెంప రుద్దుకుంటూ కిందికి చూసుకున్నాడు. "అవునండి బాబూ, చూళ్లేదు" అన్నాడు. పైగా కోపం కూడా తెచ్చుకోలేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"కొట్టకపోతే ఏం? ముందు చెప్పొచ్చు కదా?" అన్నాను.

ఆయన నన్ను కొత్త వస్తువును చూసినట్టు చూశాడు. "మొదలు కొడ్త సార్, ఎన్క సెప్త. నీళ్ల మీద సెప్పి కొట్టేంత టైం ఉండది."

ఆ 'ఎన్క' విని నేను ఉలిక్కిపడ్డాను. శ్రీకాకుళం సముద్రం మీద మా వైపు మాట. ఏ ఊరని అడిగాను. శామీర్‌పేట అన్నాడు. మాది అల్వాల్ అని చెప్పగానే ఆయన మొహం విచ్చుకుంది. పళ్లు చిన్నవి, మధ్యలో రెండు లేవు.

"చెరువుల చేపలు వట్టెటోళ్లం సార్. చెరువు మీద ఒగని మూతి పన్లు రాలగొట్టి ఉరికిన. ఉరికి ఉరికి సముద్రం అడ్డమొచ్చింది, ఆగిన."

ఆయన గతం గురించి ఆయన నోట విన్నది అంతే.

పొట్టి మనిషి. యాభై దాటి ఉంటాయి. మెడ ఉందా లేదా అన్నట్టుండేది. అరచేతులు మాత్రం తాబేటి డిప్పల్లా వెడల్పుగా, గట్టిగా ఉండేవి. సముద్రం చేప ముట్టేవాడు కాదు. వంటవాడు వంజరం వేయించి పెడితే పక్కకు తోసి, కాల్చిన పచ్చిమిరపకాయ నంజుకుని అన్నం తినేవాడు. "సముద్రం చేప ఏం చేప? పుట్టిందే ఉప్పుల. మా చెరువు కొర్రమీను తిన్న నోరు ఇది" అనేవాడు.

పొద్దుగూకుతుండగా తీరం మీద లైట్‌హౌస్ వెలిగితే గడ్డం పైకెత్తి, "ఉన్నవా?" అని పలకరించేవాడు, గోడ అవతలి ఇంటివాళ్లను అడిగినట్టు. తర్వాత పెదవులు కదిలిస్తూ ఒక వెలుగుకూ ఇంకో వెలుగుకూ మధ్య లెక్కపెట్టేవాడు. సుధ ఆయన పక్కన కూర్చుని తానూ లెక్కపెట్టేది. "నిన్నటిది నిమ్మళం బిడ్డా. దీనికి తొందర ఎక్కువ" అని ఆయన అంటే, దానికి అదొక పెద్ద రహస్యం తెలిసినట్టుండేది. మూడు రోజుల్లో అది నాకన్నా ఆయన దగ్గరే ఎక్కువసేపు గడిపింది. ఆ సంగతి నాకు నచ్చలేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఇంకొకటి. ఆయన పెద్ద కొయ్యకు ఎడమ చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. గాలి తిరగబోతే ముందే చెప్పేవాడు. "కన్ను మోసం జేస్తది సార్. సెవి జెయ్యది." నేను నవ్వుకునేవాణ్ని. కాసేపటికి గాలి నిజంగానే తిరిగేది.

తాళ్ల దగ్గర ఆయనది ఒకే నియమం. మొదటి రోజే అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "గుంజుండ్రి, కూసోని గుంజుండ్రి, పాటలు వాడుకుంట గుంజుండ్రి. చేతికి మాత్రం సుట్టుకోవద్దు. సుట్టుకున్నోడు తాడును పట్టుకోలే, తాడే వాన్ని పట్టుకున్నది."

మూడో రోజు మధ్యాహ్నం విశాఖ దాటి పెంటకోట వైపు పోతున్నాం. పెద్ద తెరచాపను బిగించి పట్టే తాడు నా వంతుకు వచ్చింది. నేను కాలేజీలో చెప్పేది రాపిడి బలం గురించే. కొయ్యముక్క చుట్టూ తాడు ఎన్ని చుట్లు తిప్పితే పట్టు ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్క కట్టి చూపిస్తాను. ఆ లెక్క సుధకు చూపించాలనిపించింది. ఓడ అంచున ఉన్న గుంజకు నాలుగు చుట్లు తిప్పి, కొసను నా ముంజేతికి రెండు చుట్లు బిగించాను. "చూడు, ఇంత పెద్ద తెరచాపను డాడీ ఒక్క చేత్తో ఆపుతున్నాడు" అన్నాను. సుధ, "డాడీ, అట్ల చుట్టొద్దన్నాడు కదా" అంది. "ఆయనకు లెక్క తెలియదమ్మా" అన్నాను.

నేలవైపు ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. సరంగు కొయ్య దగ్గర నుంచి తల ఎత్తి అరిచాడు.

"ఇడువు! పెద్ద తాడు ఇడువుండ్రి!"

ఆ అరుపు నాకు చేరేలోపే గాలి వచ్చి పడింది. గాలి అని ఎందుకంటారో తెలియదు, అది గోడ. ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది. వంటగదిలో గిన్నెలన్నీ ఒకేసారి కూలిన చప్పుడు. ఎవరో ఆడమనిషి కేక. కింది అంచు నీళ్లలోకి దిగింది. పచ్చటి నీళ్లు డెక్కు మీదికి ఎక్కి మా ఆవిడ నడుము దాకా వచ్చాయి. సుధ మెట్ల కమ్మీ పట్టుకుని వేలాడుతోంది. నేను తాడు వదిలితే తెరచాపలోంచి గాలి పోయి ఓడ లేస్తుంది. వదలాలని నాకు తెలుసు. క్లాసులో ఎవరడిగినా చెప్పగలను. కానీ నా చెయ్యి వదల్లేదు. గుంజను కావలించుకుని, తాడును పిడికిట్లో బిగించి, కళ్లు మూసుకుని అరుస్తున్నాను. పంట్లాం తడిసింది. సముద్రపు నీళ్లని అందరూ అనుకున్నారు.

సరంగు ఒరిగిన డెక్కు మీద పాక్కుంటూ వచ్చాడు. మొదటి దెబ్బ నా దవడ మీద పడింది. "ఇడువురా!" రెండోది ముక్కు మీద. నోట్లోకి రక్తం వచ్చింది. పిడికిలి ఇంకా బిగిసింది. ఆయన నా వేళ్లు కొరికాడు. అయినా వదల్లేదు. అప్పుడు పక్కన గోడకు వేలాడుతున్న కొయ్య సుత్తి లాక్కుని నా ముంజేతి మీద కొట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వేళ్లు తెరుచుకున్నాయి. ఆయన చేతి చుట్లు తప్పించి, గుంజ మీది చుట్లు విసిరేశాడు. తాడు పొగలు కక్కుతూ పరిగెత్తింది. తెరచాప ఉరుములా కొట్టుకుంది. ఓడ మెల్లగా, ఎంతో మెల్లగా, లేచి నిలబడింది.

ఎవరూ చావలేదు. ఒకామె మోకాలు చీలింది. నా చెయ్యి విరిగింది.

గాలి తగ్గాక ఆయన నా దగ్గర కూర్చుని, తన లుంగీ చింపి, రెండు చెక్కలు పెట్టి చెయ్యి కట్టాడు. "కత్తి వంట అర్రల ఉండె సార్. తెచ్చి కోసేంత టైం లేకుండె. సుత్తి అందింది, గందుకే..." అన్నాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. నా కూతురు నన్నే చూస్తోంది. దాని కళ్లలో జాలి ఉంది. అదే నేను భరించలేకపోయాను.

సాయంత్రానికి ఓడ ఒక చిన్న రేవు ఊరికి చేరింది. ఆసుపత్రిలో కట్టు వేయించుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయాను. సరంగు తాగి ఉన్నాడనీ, మాటా మాటా పెరిగి సుత్తితో నన్ను కొట్టాడనీ ఎడమ చేత్తో వంకరటింకరగా రాశాను. నేను గడ్డకట్టిపోయిన సంగతి రాయలేదు. పోయేటప్పుడు ఆటోలోనే సుధతో అన్నాను, "ఎవరైనా అడిగితే తాగాడని చెప్పమ్మా. వాసన వచ్చిందని చెప్పు." మా ఆవిడ రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ సాక్ష్యానికి ఇంకెవరినీ పిలిపించకుండా సుధను అడిగాడు. "ఏం పాపా, అంకుల్ తాగున్నాడా?"

సరంగు అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. సుధ ఆయన్ని చూడలేదు, నన్ను చూసింది. తర్వాత "అవును" అంది.

మమ్మల్ని వరండాలోకి పంపారు. లోపల నుంచి చెంపదెబ్బ వినిపించింది. ఒక్కటే, టపాసు పేలినట్టు. కిటికీలోంచి చూస్తే ఆయన బల్ల పట్టుకుని లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఎడమ చెవి మీద అరచెయ్యి ఆనించుకుని ఉన్నాడు. తిరిగి చెయ్యి ఎత్తలేదు. సుధ కూడా ఆ చప్పుడు విన్నది.

ఇంటికొచ్చిన రెండో ఆదివారం మా అల్వాల్ చర్చిలో నేను సాక్ష్యం చెప్పాను. తాగుబోతు చేతుల్లోంచి దేవుడు నన్నూ నా కుటుంబాన్నీ కాపాడాడని చెప్పాను. అందరూ నా విరిగిన చేతి కోసం ప్రార్థన చేశారు. పాటలు పాడే పిల్లల వరుసలో సుధ నిలబడి ఉంది. తల ఎత్తలేదు. ఆ తర్వాతి వారం నుంచి అది పాటలకు పోవడం మానేసింది. ఇంట్లో ఎవరం ఎందుకని అడగలేదు. ఓడ మాట ఎత్తడమే మానేశాం.

నాలుగేళ్లు గడిచాయి. ఒక ఆదివారం చర్చి అయ్యాక చేపలు కొనడానికి శామీర్‌పేట చెరువు కట్ట వైపు వెళ్లాను. రోడ్డు పక్కన చేపలమ్మే ఆడవాళ్ల వెనుక, గోనెసంచి మీద కూర్చుని ఒక మనిషి చేపలు కోస్తున్నాడు. ఎగిరిపడుతున్న కొర్రమీనును తోక పట్టి, తల మీద కట్టెతో ఒక్కటి వేసి, కత్తిపీట మీద లాగేస్తున్నాడు. మొహం నిండా పొలుసులు. ఆ అరచేతులు చూసి ఆగిపోయాను. పారిపోదామనుకున్నాను. ఆయన తల ఎత్తాడు. నా మొహం చూడలేదు, ముందు నా చెయ్యి చూశాడు.

"సెయ్యి అతికిందా సార్?"

నేను జవాబు చెప్పేలోపే లేచొచ్చి, తడి చేత్తో నా ముంజేయి పట్టి బొటనవేలితో ఎముక వెంట తడిమాడు. "జెర వంకరున్నది. ఫికర్ లే, పని జేస్తది" అన్నాడు.

"ఓడ మీద లేరా?" అని అడిగాను. ఆయన మొహం పక్కకు తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు. మళ్లీ అడగాల్సి వచ్చింది.

"తీసేసిండ్రు సార్. గా టేషన్ల దెబ్బకు ఈ సెవి పోయింది. కొయ్యకు ఆనిస్తే ఏం ఇనొస్తలేదు. సెవిటోనికి ఓడ ఎవడిస్తడు?"

కోపంగా చెప్పలేదు. వానలు పడలేదని చెప్పినట్టు చెప్పాడు. నేను చేపలు తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి వాటిని కుక్కలకు వేశాను.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత కూడా. ఏడాది పాటు వెళ్తూనే ఉన్నాను. ఆయన పక్కన ఒక ఇటుక మీద కూర్చునేవాణ్ని, ఎప్పుడూ కుడివైపే. ఆయన గుణం ఏమీ మారలేదు. తూకంలో మోసం చేసిన తమ్ముడి భార్యను అందరి ముందూ తిట్టాడు. నీళ్లలో బాంబులు పేల్చి చేపలు పట్టబోయిన ఇద్దర్ని, గడియారం జేబులో పెట్టుకుని మరీ, కట్ట పొడుగునా తరిమి కొట్టాడు. ఆ రోజు ఆయన పెదవి పగిలి రక్తం కారుతుంటే నేనే తుడిచాను. "పిల్ల చేపలు గూడ సస్తయ్ సార్. వచ్చే యేడు ఏం తింటరు వీళ్లు, మన్నా?" అని ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఒక రోజు ఆయనే సుధ మాట ఎత్తాడు.

"బిడ్డ మంచిగున్నదా?"

"డిగ్రీ చదువుతోంది."

ఆయన కోస్తున్న చేపను ఆపాడు. "ఒక్కటి అడుగుతా సార్. మీరు కాయితం రాసిండ్రు, నాకు ఎరుకే. మనిషికి శరం ఉంటది, రాస్తడు. గని ఆ పిల్ల గూడ చెప్పింది గద, తాగిండని. నాకు గదే సమజ్ కాలె. నీళ్ల మీద ఉన్నన్ని రోజులు నేను మందు ముట్ట సార్. గని అంతకుముందు రోజు దిగినప్పుడు కల్లు తాగిన మాట నిజం. పిల్లలు అబద్ధమాడరు. వాసన వచ్చిందేమో అనుకున్న. తాగిన మత్తులనే మిమ్మల్ని గంత గట్టిగ కొట్టిన్నేమో అనుకున్న. సుత్తి లేకుంట గూడ ఇడిపియ్యొచ్చేమో అని గిప్పటికీ అనుకుంట."

అయిదేళ్లుగా ఆయన తనను తాను అనుమానించుకుంటున్నాడు. మంచం మీద పడుకుని ఆ గాలినీ, ఆ తాడునూ, ఆ సుత్తినీ మళ్లీ మళ్లీ తడుముకుంటూ, తప్పు తనదేనేమోనని వెతుక్కుంటున్నాడు.

"వాసన రాలేదు. నేనే అట్ల చెప్పమన్న" అన్నాను.

ఆయన కుడి చెవి నా వైపు తిప్పాడు. "ఏంది?"

"నేనే చెప్పించిన. పిల్లతోని. మీరు తాగలేదు. మీరు కొట్టకపోతే అందరం సచ్చేటోళ్లం."

ఆయన కత్తిపీటను మడిచి దూరంగా పెట్టాడు. గడియారం విప్పాడు. జేబులో పెట్టుకున్నాడు. నా చొక్కా కాలరు పట్టుకుని లేపి, మొహం మీద కొట్టాడు. కిందపడ్డాను. మళ్లీ లేపి కొట్టాడు. కళ్లజోడు విరిగి కనుబొమ్మలో దిగింది. మూడో దెబ్బకు చేపల బుట్ట మీద పడ్డాను. బతికున్న చేపలు నా చుట్టూ తపతపా కొట్టుకుంటున్నాయి. ఆడవాళ్లు అరుస్తున్నారు. ఆయన తమ్ముడు పరిగెత్తుకొచ్చి నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది మంచితనం కాదు. ఇన్నేళ్ల తర్వాత ఎవరో నన్ను సరిగ్గా పట్టుకున్నారనిపించింది.

ఆయన రొప్పుతూ నా ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు.

"మొదలు కొట్టిన. ఇగ సెప్త, ఇను. నీ పానం కోసం నువ్వు ఏం రాసుకుంటవో రాసుకో. సిన్నపిల్ల నోట్ల ఎందుకు వెట్టినవ్? నా సెవి పోయింది, పోతే పోయింది. నా మీద నాకున్న నమ్మకం పోయింది గదరా. ఇన్నేండ్లు నేను నన్ను నమ్మలే."

తర్వాత ఎవరినో నీళ్లు తెమ్మని, నా మొహం ఆయనే కడిగాడు. కనుబొమ్మ దగ్గర గాజు పెంకు గోళ్లతో తీశాడు. "పో, కుట్లేపిచ్చుకో" అన్నాడు.

ఇంటికి పోయేసరికి సుధ తలుపు తీసింది. నా మొహం చూసి, "ఎవరు?" అంది. చెప్పాను. ఏడాదిగా వెళ్తున్న సంగతి, ఆయన చెవి సంగతి, ఆయన తనను తాను అనుమానించుకున్న సంగతి, అన్నీ. అది గోడకు ఆనుకుని విన్నది. చివరికి అంది:

"నువ్వు చెప్పమన్నావని చెప్పలేదు డాడీ. స్టేషన్లో నీ మొహం చూసి చెప్పిన. నువ్వు అంత భయపడంగ నేను ఎప్పుడూ చూడలే."

మర్నాడు స్కూటీ తీసుకుని ఒక్కతే శామీర్‌పేట వెళ్లింది. సాయంత్రం వచ్చింది. చేతులు చేపల వాసన. "ఏమన్నాడు?" అని అడిగాను. "ఏమీ అనలే. నేను ఏడుస్తుంటే ఛాయ్ తెప్పిచ్చిండు. నాకు చేప కోయడం వస్తదా అని అడిగిండు" అంది. ఆ తర్వాత అది తరచూ వెళ్లేది. ఆయన్ని పెద్దనాయినా అని పిలిచేది. వాళ్ల పుట్టి ఎక్కి చెరువులో తిరిగేది. నాతో మాత్రం అవసరమైనంత వరకే మాట్లాడేది. అన్నం తిన్నావా, పెట్రోల్ పోయించావా, అంతే. ఆయన దగ్గరికి నేను వెళ్లే రోజు, అది వెళ్లే రోజు వేరుగా ఉండేటట్టు చూసుకునేది.

పోయిన నెల ఆయన పొద్దున్నే రోడ్డు దాటుతున్నాడు. టిప్పర్ ఎడమవైపు నుంచి వచ్చింది.

లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆయన ఇల్లు. చుట్టూ కొత్త లేఅవుట్ల రంగు రాళ్లు, మధ్యలో ఆ రెండు గదులు. నేను వెళ్లేసరికి సుధ అప్పటికే అక్కడ ఉంది, ఆయన తమ్ముడి భార్య పక్కన నేలమీద కూర్చుని. ఆయన్ని బయట పడుకోబెట్టారు. తలకు గట్టిగా గుడ్డ చుట్టారు. లోపల ఏం మిగిలిందో ఆ గుడ్డను చూస్తే తెలుస్తోంది.

పాడె కడుతుండగా మగవాళ్లు ఒకపక్క కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఒకాయన చెయ్యి చూపించాడు. "తూము కాడ ఈత కొడ్తుంటే రాయితోని ఇచ్చిండు. లోపలికి గుంజుకపోతుంటి, బతికిన." ఇంకొకడు చెంప తడుముకున్నాడు. "కరెంటు పెట్టి చేపలు పడ్తుంటే నాకు పడ్డయ్." మూడో ముసలాయన నోరు తెరిచి ముందు పళ్లు లేని చిగుళ్లు చూపించి ఏడ్చాడు. "వీడు ఊరిడిసి ఉరికింది నా పన్లు రాలగొట్టే. వచ్చినంక రోజూ ఇంటికి చేప పంపిండు." నవ్వూ ఏడుపూ కలిసి ఒక అలలా తిరిగింది ఆ గుంపులో. అప్పుడు ఆయన తమ్ముడు నా వైపు తిరిగాడు.

"సార్‌ను గూడ కొట్టిండు. గా రోజు నేనే పట్టుకున్న. ఓడ మీద గూడ కొట్టిండంట గదా, ఎందుకు సార్?"

చెయ్యి చూపించి, ప్రాణాలు కాపాడాడని చెప్పి ఊరుకోవచ్చు. అందరూ తల ఊపేవారు. సుధ నన్ను చూస్తోంది. ఈసారి జాలిగా కాదు. వేచి చూస్తున్నట్టు.

చెప్పాను. తాడు వదలకపోయింది నేనని చెప్పాను. కాగితంలో అబద్ధం రాసింది నేనని చెప్పాను. నా బిడ్డతో అబద్ధం ఆడించానని చెప్పాను. ఆయన ఎడమ చెవి పోయింది నా మూలంగానేనని చెప్పాను.

డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. తమ్ముడు లేచి నా ముందుకు వచ్చాడు. వాళ్ల అన్న చేతులే ఆయనవి కూడా. పిడికిళ్లు బిగిశాయి. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"టిప్పరోడు హారన్ కొట్టిండంట సార్. రోడ్డు మీదున్నోళ్లందరు ఇన్నరు" అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"మీరు ఎన్కకు నడువుండ్రి. మా అన్న పాడె మాత్రం ముట్టకుండ్రి."

పాడె లేచింది. డప్పులు మోగాయి. వైకుంఠధామం ఊరి చివర, కిలోమీటరు దూరం. అందరూ దాటేదాకా ఆగి, చివరివాళ్లకు పది అడుగుల వెనకగా నడిచాను. ఎండ మాడుస్తోంది. చల్లిన మరమరాలు చెప్పుల కింద నలుగుతున్నాయి. సుధ ముందు వరుసలో ఆడవాళ్లతో పోతోంది. లేఅవుట్ గేటు మలుపు దగ్గర అది ఆగింది. గుంపును పోనిచ్చింది. నేను దగ్గరికి వచ్చేదాకా రోడ్డు పక్కన నిలబడి, తర్వాత నాతో పాటు నడిచింది.

చితి కాలేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.